గ్లాసు పాతదే, అనుమానం గులాబీ మీదే

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సారాంశం ఇది.

ఆయనది తెనాలి దగ్గర పల్లెటూరు. వయసు యాభై దాటింది, న్యూకాజిల్‌లోనే ఆసుపత్రిలో డాక్టరు. భార్య స్కూల్లో పనిచేస్తారు. అబ్బాయి యూనివర్సిటీలో ఉన్నాడు. ఇంట్లో ఎవరూ మందు ముట్టరు. కానీ హాల్లో అద్దాల బీరువా నిండా వైన్ గ్లాసులే. అవి జాకొబైట్ గ్లాసులు. 18వ శతాబ్దంలో, సింహాసనం పోగొట్టుకున్న స్టూవర్ట్ రాజవంశాన్ని అభిమానించినవాళ్లు గులాబీలూ ఓక్ ఆకులూ చెక్కించుకుని, వాటితో తమ రాజుకు జై కొట్టి తాగారు. ఈ పిచ్చి ఆయనకు అంటించింది ఎదురింటి పెద్దాయన, రిటైరైన చరిత్ర టీచరు. న్యూకాజిల్‌లో తోడు లేని మొదటి రోజుల్లో ఇంటికి పిలిచి టీ పోసిన మనిషి. పాత గ్లాసు ఎలా పట్టుకోవాలో, ఎక్కడ గోరు పెట్టి తడమాలో ఆయనే నేర్పారు.

నాలుగేళ్ల కిందట ఆ పెద్దాయన తన దగ్గరున్న మంచి గ్లాసు ఒకటి మన పాఠకుడికి 2,800 పౌండ్లకు ఇచ్చారు. దాని మీద ఒక గులాబీ, రెండు మొగ్గలు, ఓక్ ఆకు, 'ఫియాట్' అన్న లాటిన్ మాట ఉన్నాయి. ఆ డబ్బు సొంతూళ్లో ఇంటి పైకప్పు బాగుచేయించడానికి భార్యాభర్తలిద్దరూ కలిసి దాచుకున్నది. భార్యకు మాత్రం "మూడొందలు" అని చెప్పారు.

మొన్న చలికాలంలో గ్లాసు తుడుస్తూ భూతద్దంతో చూశారు. గిన్నె మీద అడ్డంగా పోయే పాత గీత ఒకటి గులాబీ రేకు అంచున ఆగిపోయి, రేకు దాటాక మళ్లీ మొదలైంది. అంటే గీత ముందు పడింది, గులాబీ తర్వాత చెక్కారు. చెక్కడం కూడా పిండి చల్లినట్టు తెల్లగా ఉంది. ఆ రోజు నుంచి నిద్ర పట్టడం లేదట.

ఇప్పుడు పెద్దాయనకు ఎనభై నాలుగేళ్లు. కేర్ హోమ్‌లో ఉన్నారు. తెలివి బాగానే ఉంది, చూపు మందగించింది. మిగతా పద్నాలుగు గ్లాసులూ 9,000 పౌండ్లకు ఇచ్చేస్తామని, "నాన్న మీకే ఇమ్మంటున్నారు" అని ఆయన కూతురు ఫోన్ చేసింది. వచ్చే నెలాఖరులోగా చెప్పకపోతే వేలానికి పంపేస్తారట. అబ్బాయేమో "ఆ ఒక్క గ్లాసూ ఆన్‌లైన్‌లో పెట్టి అమ్మేయ్ నాన్నా, ఎవరికి తెలుస్తుంది" అంటున్నాడు. ఇండియా నుంచి వచ్చిన అమ్మగారేమో దేవుడి మందిరానికి ఎదురుగా మందు గ్లాసులేమిటని బీరువా మీద తువ్వాలు కప్పుతున్నారు.

గ్లాసు అసలుదా కాదా, పెద్దాయనకు చెప్పాలా, మిగతావి కొనాలా, భార్యకు ఏం చెప్పాలి? ఇవీ ఆయన ప్రశ్నలు.

సమాధానం: మీరు అడిగిన నాలుగింటిలో గాజుకు సంబంధించింది ఒక్కటే. మిగతా మూడూ ఆ ఒక్కదాని జవాబు కోసం ఆగాలని మీరు అనుకుంటున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆగాల్సినవి కొన్నే.

ముందు గ్లాసు సంగతి. మన పాఠకుల్లో చాలామందికి ఇది కొత్త కాబట్టి కాస్త వెనక్కి వెళ్తాను. 1688లో రెండో జేమ్స్ రాజు దేశం వదిలి పారిపోయాడు. ఆయన కూతురు మేరీ, అల్లుడు విలియం గద్దె ఎక్కారు. 1714లో జర్మనీలోని హనోవర్ నుంచి జార్జి వచ్చాడు. జేమ్స్ సంతతే అసలు వారసులని నమ్మినవాళ్లు 1715లో, 1745లో తిరగబడ్డారు. 1746 ఏప్రిల్ 16న కలోడెన్ యుద్ధంతో ఆ కథ ముగిసింది. ఆ రోజుల్లో ప్రవాసంలో ఉన్న రాజు పేరు బయటికి చెబితే రాజద్రోహం. అందుకే గుర్తులు పుట్టాయి. తెల్ల గులాబీ స్టూవర్ట్‌ల గుర్తు. రెండు మొగ్గలు రెండో జేమ్స్ మనవళ్లు చార్లెస్, హెన్రీ అన్నదమ్ములని చాలామంది చెప్తారు, దీని మీద పండితుల్లో వాదనలున్నాయి. 1651లో రెండో చార్లెస్ సైనికులకు దొరక్కుండా ఓక్ చెట్టులో దాక్కున్నాడు, ఆకు అక్కడిది. ఫియాట్ అంటే మన తథాస్తు లాంటిది. విందులో అందరితోపాటు "రాజుగారికి" అని గ్లాసెత్తి, దాన్ని నీళ్ల గిన్నె మీదుగా తిప్పేవారట. సముద్రం అవతల ఉన్న రాజుకన్నమాట. 1702లో విలియం గుర్రం చుంచు తవ్విన మట్టిగుట్ట తట్టుకుని తూలింది, ఆయన పడ్డాడు, తర్వాత చనిపోయాడు. "నల్ల మఖ్మల్ కోటు వేసుకున్న చిన్న పెద్దమనిషి"కి అంటూ ఆ చుంచుకూ గ్లాసెత్తేవారు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఒక మాట చెప్పాలి. ఈ గ్లాసులు ఎత్తినవాళ్లలో కత్తి ఎత్తినవాళ్లు తక్కువ. 1745 డిసెంబర్లో ఆ మనవడు చార్లెస్ సైన్యం డెర్బీ దాకా వచ్చింది. ఇంగ్లిష్, వెల్ష్ అభిమానుల్లో చాలామంది మాత్రం ఇళ్లలోంచి కదల్లేదు, అక్కణ్నుంచే సైన్యం వెనక్కి మళ్లింది. వాళ్లు నాకోసం చేసిందే నేనూ చేస్తాను, వాళ్ల పేరు చెప్పి తాగుతాను అని చార్లెస్ తర్వాత అన్నాడని ఒక కథ చెప్పుకుంటారు. కాబట్టి మీ బీరువాలో ఉన్నది వీరగాథ అనుకోకండి. భోజనాల బల్ల దగ్గరి రాజకీయం అది. దానికీ విలువుంది, కానీ దానికోసం నిద్ర మానుకోనక్కర్లేదు.

ఇప్పుడు అనుమానం. మీరు చూసిన గీత చిన్న ఆధారమేమీ కాదు. కాలక్రమంలో పడే గీతలు చెక్కిన భాగాన్నీ, చెక్కని భాగాన్నీ ఒకేలా దాటుకుని పోవాలి. రేకు దగ్గర ఆగిపోయిందంటే గీత కన్నా గులాబీ కొత్తదే. ఎంత కొత్తదన్నది మాత్రం గీత చెప్పదు. ఆ గ్లాసును సాదాగా అయిదారేళ్లు వాడుకుని, 1740ల్లోనే చెక్కించి ఉండొచ్చు. 1890లో చెక్కి ఉండొచ్చు. తెల్లగా ఉండటం కూడా అంతే. రాగి చక్రం మీద నూనె, రాపిడి పొడి వేసి చెక్కినప్పుడు కొత్తలో తెల్లగా కనపడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ బూడిదరంగుకు తిరుగుతుంది. కానీ గట్టిగా తోమి కడిగితే పాత చెక్కడమూ తెల్లబడుతుంది. నాలుగేళ్లుగా మీరెలా కడుగుతున్నారో రాయలేదు.

పెద్దాయన మీకు నేర్పిన పరీక్షలన్నీ మంచివే. గిన్నె కన్నా పాదం వెడల్పుగా ఉందా, అడుగున పాంటిల్ (తయారీలో గ్లాసును పట్టుకునే ఇనుప కడ్డీ) విరిచిన మచ్చ గరుగ్గా తగులుతుందా, కాడలో గాలి మెలికలు సాఫీగా తిరిగాయా, గోటితో కొడితే మోగుతుందా, అల్ట్రా వయొలెట్ లైటు కింద సీసం కలిపిన గాజు నీలంగా మెరుస్తుందా. మీ గ్లాసు వీటన్నిటిలో నెగ్గిందని రాశారు. నాకు ఆశ్చర్యం లేదు. ఇవన్నీ గాజు ఎప్పటిదో చెప్తాయి. గులాబీ ఎప్పటిదో వీటిలో ఒక్కటీ చెప్పదు. మోసం జరిగిన చోటల్లా జరిగింది ఈ సందులోనే. 18వ శతాబ్దపు సాదా గ్లాసులు బోలెడు మిగిలాయి. 1888-89లో లండన్ న్యూ గ్యాలరీలో స్టూవర్ట్ వంశపు వస్తువులతో ప్రదర్శన పెట్టారు, 1897లో ఆల్బర్ట్ హార్ట్‌షోర్న్ పాత ఇంగ్లిష్ గ్లాసుల మీద పెద్ద గ్రంథం తెచ్చారు. సేకరించేవాళ్లు పెరిగారు, గులాబీ ఉన్న గ్లాసుకు రేటు పెరిగింది. సాదా గ్లాసు మీద గులాబీ చెక్కగల పనివాడికి ఇంకేం కావాలి? బొహీమియా నుంచి డబ్లిన్ వచ్చిన ఫ్రాంజ్ టీజె (1842-1932) అనే చేయి తిరిగిన పనివాడు పాత గాజు మీద విలియం రాజు పక్షం గుర్తులు, ఐరిష్ వాలంటీర్లనే నాటి స్వచ్ఛంద సైనిక దళాల గుర్తులు చెక్కిన సంగతి 1994లో పీటర్ ఫ్రాన్సిస్ అనే పరిశోధకుడు బయటపెట్టారు. అప్పటిదాకా వాటిలో కొన్ని అసలువిగానే చెలామణి అయ్యాయి. మ్యూజియం వాళ్లనే బోల్తా కొట్టించిన విద్య ఇది. చరిత్ర టీచరు ఒకాయన మోసపోతే అందులో వింతేముంది?

కాబట్టి పోల్చి చూడటమే దారి. జెఫ్రీ సెడన్ 1995లో జాకొబైట్ గ్లాసుల మీద తెచ్చిన పుస్తకం చేతిరాతను పోల్చినట్టు చెక్కడాన్ని పోల్చుతుంది. రేకుల మడత, ఆకు ఈనెలు, మొగ్గ తొడిమ ఎలా మొదలవుతుందో చూసి, ఎక్కువ గ్లాసులు చెక్కింది ముఖ్యంగా అయిదుగురని ఆయన తేల్చారు. లైబ్రరీలో తెప్పించుకోండి. పక్కనుంచి లైటు పడేలా పెట్టి, గ్లాసు లోపల నల్లగుడ్డ కుక్కి దగ్గరగా ఫోటోలు తీయండి. ఎడిన్‌బరోలో నేషనల్ మ్యూజియం మీకు రైల్లో గంటన్నర దూరం. కేంబ్రిడ్జ్‌లో ఫిట్జ్‌విలియం, లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ (వీ అండ్ ఏ) మ్యూజియాలు ఉన్నాయి. మ్యూజియంవాళ్లు రేటు చెప్పరు, కానీ తమ గ్లాసు పక్కన పెట్టి చూసుకోవడానికి ముందుగా అడిగితే చాలాసార్లు వీలు కల్పిస్తారు. గాజు మీద ప్రత్యేకంగా పనిచేసే వేలం సంస్థకు చూపిస్తే మామూలుగా డబ్బు తీసుకోకుండానే ఒక మాట చెప్తారు. ఎటూ తేలకపోతే వాళ్లు "చెక్కడం తర్వాతిది కావచ్చు" అని రాస్తారు. ఆ ఒక్క మాటతో వేలల్లో ఉన్న రేటు వందల్లోకి దిగుతుంది. అంత నష్టానికీ ముందే సిద్ధపడండి. అప్పుడు కూడా మీ చేతిలో ఉండేది రెండున్నర శతాబ్దాల కిందటి మంచి గ్లాసే.

అబ్బాయి సలహా గురించి రెండు మాటలు చాలు. అనుమానం ఉందని తెలిసి, చెప్పకుండా జాకొబైట్ గ్లాసని అమ్మితే అది మోసం. చట్టం దృష్టిలో కూడా. "18వ శతాబ్దపు గ్లాసు, చెక్కడం తర్వాతిది కావచ్చు" అని రాసి అమ్మితే ఏ తప్పూ లేదు, డబ్బు మాత్రం తక్కువొస్తుంది. ఆ తేడా అబ్బాయితో విడమరచి చెప్పండి. "ఎవరికి తెలుస్తుంది" అన్న మాట వాడికి ఇంట్లోనే వినిపించి ఉంటుంది, అందుకే అన్నాను.

పెద్దాయన దగ్గరకు వద్దాం. మీ ఉత్తరంలో ఒక చోట "ఆయన నన్ను మోసం చేశారా?" అని ఉంది, వెంటనే కొట్టేశారు. కొట్టేసినా నాకు కనపడింది. మీరు రాసినదాన్ని బట్టి ఆయనకు తెలిసి ఇచ్చారనడానికి ఒక్క ఆధారమూ లేదు. చట్టపరంగా చూస్తే, వస్తువు చెప్పినట్టుగా ఉండాలన్న నియమం ప్రైవేటు అమ్మకానికీ వర్తిస్తుంది. ఇంగ్లండ్‌లో ఒప్పందం మీద దావాకు ఆరేళ్ల గడువుంది, మీకింకా రెండేళ్లు మిగిలింది. ఇది మీకు తెలిసి ఉండాలని చెప్తున్నానంతే. మీరు ఆ పని చేస్తారని నేననుకోను.

ఆయనకు ఏమీ చెప్పకుండా ఉండిపోవచ్చు. ఎనభై నాలుగేళ్ల మనిషి, తాను శిష్యుడికి మంచి వస్తువు ఇచ్చానన్న తృప్తితో ఉంటారు. దానికి మీరు కట్టే వెల ఏమిటంటే, కేర్ హోమ్‌కి వెళ్లిన ప్రతిసారీ ఆయన "ఆ గ్లాసెలా ఉంది?" అంటారు, మీరు నవ్వాలి. కొన్నాళ్లకు వెళ్లడం తగ్గిస్తారు. గ్లాసు పోయినా ఫర్వాలేదు, ఆ రాకపోకలు పోతే ఆయనకు ఎక్కువ నష్టం. నాకు భయం ఇక్కడే.

నేరుగా "ఇది దొంగ చెక్కడం" అని చెప్పడం ఇంకో దారి. తేలకముందే అంత మాట అంటే ఆయన తన సేకరణంతా తలుచుకుని కుంగిపోవచ్చు.

నేనైతే అడుగుతాను. గ్లాసు, భూతద్దం పట్టుకెళ్లి, ఫోటోను ఐప్యాడ్‌లో పెద్దది చేసి, "మాస్టారూ, ఈ గీత చూశారా, రేకు దగ్గర ఆగిపోయింది, మీరేమంటారు?" అని. జీవితమంతా పాఠం చెప్పిన మనిషికి శిష్యుడి ప్రశ్న అవమానంగా తోచదు. ఆయన ఎక్కడ కొన్నారో, ఎవరి దగ్గర కొన్నారో చెప్పొచ్చు. పాత రసీదో, వేలం కేటలాగ్ కాగితమో ఎక్కడో ఉండొచ్చు. ఆ కాగితం మీ భూతద్దం కన్నా గట్టి సాక్ష్యం. ఆయనకే ఎప్పట్నుంచో అనుమానం ఉండి ఉన్నా ఆశ్చర్యపోకండి, పాత కలెక్టర్లలో అలాంటివాళ్లు చాలామంది. ఏదైనా సరే, డబ్బు మాట మీరుగా ఎత్తకండి. ఆయన తిరిగిస్తానంటే అప్పుడు ఆలోచించొచ్చు.

ఇక ఆ పద్నాలుగు గ్లాసులు. ఇందులో మీరు చూడని కోణం ఒకటుంది. ఆయన కూతురికి గ్లాసుల గురించి ఏమీ తెలియదని మీరే రాశారు. 9,000 అన్నది ఎవరు కట్టిన లెక్క? పద్నాలుగింటిలో సగం మీ గులాబీ లాంటివే అయితే మీరు నష్టపోతారు. పొరపాటున వాటిలో ఒక్కటి అసలు సిసలైన అరుదైన గ్లాసైతే ఆవిడ నష్టపోతుంది. వజ్రపు మొనతో కిరీటం, రాజు పేరులోని పొడి అక్షరాలు, స్టూవర్ట్ ప్రార్థనా గీతం, చివర 'ఆమెన్' గీసినవి ప్రపంచం మొత్తం మీద కొన్ని పదుల్లోనే ఉన్నాయి. అలాంటి ఒక్కటి ఆ పద్నాలుగింటి మొత్తం రేటును దాటిపోతుంది. అది అందులో ఉంటే ఆ ఇంట్లో గుర్తుపట్టగలిగేది మీరొక్కరే. ఇద్దరిలో ఎవరో ఒకరు తెలియక నష్టపోయే బేరం మాస్టారి ఇంట్లో చేయకండి.

మొత్తం కొనేస్తే మాస్టారి మాట నిలుస్తుంది, మీ ఇంట్లో గొడవ రెట్టింపవుతుంది. అసలు కొననని చెప్పేస్తే సరుకు వేలానికి పోతుంది. అక్కడ అమ్మేవాళ్ల దగ్గరా కమీషన్ పట్టుకుంటారు, కొనేవాళ్ల మీదా రేటు పైన పాతిక శాతమో, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువో వేస్తారు. అయినా నిపుణుడి కన్ను పడుతుంది, కేటలాగ్‌లో ఉన్నదున్నట్టు వస్తుంది. నాకు సబబుగా తోచేది మధ్యదారి: ముందు బయటివాళ్లతో ఒక్కో గ్లాసుకూ విడివిడిగా రేటు కట్టించమని ఆవిడకు చెప్పండి. తర్వాత మీకు ఇష్టమైనవి ఒకటో రెండో ఆ రేటుకే తీసుకోండి. సాదా గ్లాసైనా సరే, మాస్టారు మీకు మొట్టమొదట చేతిలో పెట్టి చూపించింది ఏదో ఉంటుంది కదా. అది వందల్లోనే వస్తుంది.

భార్య విషయం చివరికి పెట్టాను. నిపుణులేమంటారో తేలాక చెబుదామని మీ ఆలోచన. అసలుదని తేలితే "చూశావా, మంచి పెట్టుబడే" అనొచ్చు, కాదంటే ఇద్దరూ కలిసి బాధపడొచ్చు. కానీ ఆవిడకు మీరు బాకీ పడ్డది గులాబీ వయసు కాదండీ, 2,500 పౌండ్ల లెక్క. గ్లాసు అసలుదైనా ఆ లెక్క తప్పే. ఆవిడ గ్లాసుల మీద ఎప్పుడూ కోపపడలేదని, "చుక్క తాగని ఇంట్లో ఇన్ని గ్లాసులేంటండీ" అని నవ్వేదని మీరే రాశారు. పైకప్పు డబ్బు అనగానే ఆ నవ్వు ఉండకపోవచ్చు. మామగారి ఇల్లు అని ఆవిడ తన జీతంలోంచి కూడా వేసిన డబ్బది. నాలుగేళ్లూ వానాకాలం వచ్చినప్పుడల్లా ఊళ్లో ఎక్కడ కారుతోందో అడిగే ఉంటుంది.

ముందు చెబితే గట్టి గొడవ ఒకటి అవుతుంది. నిపుణుల మాట వచ్చాక చెబితే రెండవుతాయి, ఒకటి డబ్బు గురించి, రెండోది ఇన్నాళ్లు దాచినందుకు. చెప్పకుండా పద్నాలుగింటిలో ఒక్కటి కొన్నా మూడోది. చెప్పేటప్పుడు పక్కన కాగితం పెట్టుకోండి: ఎంత తీశారు, ఎన్ని నెలల్లో తిరిగి వేస్తారు, గ్లాసులకు ఇకపై నెలకు ఇంతకు మించి పెట్టనని. బీరువాలో ఉన్న వాటిలో మూడు నాలుగు సాదా గ్లాసులు అమ్మితే కొంత వెనక్కి వస్తుంది. ఏవి అమ్మాలో ఆవిడనే ఎంచమనండి. ఎడిన్‌బరోకు వెళ్లేటప్పుడు రమ్మని అడగండి, రానంటే బలవంతం చేయకండి.

అమ్మగారి తువ్వాలు సమస్యకు మాత్రం తేలిక మందుంది. బీరువాను మేడ మీద గదికి మార్చండి. ఎండ తగలని గోడ చూసుకోండి, వంటింటి ఆవిరికీ అగరొత్తుల పొగకూ దూరంగా. గ్లాసులకూ అదే మంచిది.

వరస మాత్రం ఇలా పెట్టుకోండి. ఈ శనివారం ఇంట్లో చెప్పండి. ఆదివారం మాస్టారి కూతురికి ఫోన్ చేసి, "ఇప్పుడే కొనను, ముందు రేటు కట్టించండి, కావాలంటే వేలంవాళ్ల దగ్గరకు నేనూ తోడు వస్తాను" అనండి. మ్యూజియం అపాయింట్‌మెంటు వారాలు పట్టొచ్చు, అది ఆగుతుంది. ఆవిడ పెట్టిన గడువు ఆగదు.